ఆర్డరు కంటే ముందు

జగ్గారావు గారు మా నెట్ సెంటర్‌కి మొదటిసారి వచ్చింది వాళ్ళావిడ ఫొటో పెద్దది చేయించుకోవడానికి. 2006 ఏప్రిల్ అది. ఏలూరు పవర్‌పేటలో, స్టేషన్‌కి పోయే సందులో, మేడ మీద గదిలో ఆరు కంప్యూటర్లు పెట్టి నేనే నడిపేదాన్ని. పొద్దున్న పదకొండు దాటితే ఆ ఎండకి ఎవరూ మెట్లెక్కేవారు కాదు. ఆ వేళప్పుడు నేనే ఒక సిస్టమ్ ముందు కూర్చుని ఏదో ఆట ఆడుకుంటూ ఉండేదాన్ని.

ఆయన తెచ్చింది పాత ఫొటో. ఒక మూల చెదలు తినేశాయి. వాళ్ళావిడ లక్ష్మీకాంతం గారు పోయి ఏడాది కావస్తోందనీ, సంవత్సరీకానికి గోడకి పెట్టాలనీ చెప్పారు. తాడేపల్లిగూడెంలో ఇంటికి తాళం పెట్టి, వట్లూరులో కొడుకు దగ్గర ఉంటున్నారట. ఈయన పోలీసు డిపార్ట్‌మెంటులో ముప్ఫై నాలుగేళ్ళు చేసి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. కొడుకు ఫణీంద్ర కూడా పోలీసే. ఆర్మ్‌డ్ కానిస్టేబుల్.

నేను స్కానర్ దగ్గర ఉండగా ఆయన నేను వదిలేసిన స్క్రీను వంక చూస్తూ నిలబడ్డారు. అందులో రెండు చేతులు, ఆ చేతుల్లో ఒక తుపాకీ.

"ఆ చేతులు ఎవరివమ్మా?"

"ఆడేవాళ్ళవేనండి. ఇందులో మన మొహం మనకి కనబడదు. మన కళ్ళతో మనమే చూస్తున్నట్టు ఉంటుంది. అందుకే చేతులొక్కటే కనిపిస్తాయి."

"కాల్చడమేనా పని?"

కాదని చెప్పాను. అది అప్పటికే ఐదారేళ్ళ పాత ఆట. విజయవాడలో సీడీలు కాపీ చేసి అమ్మే షాపులో కొన్నాను. మామూలు కాల్పుల ఆటలు నాకు విసుగు. ఇందులో ఒక కథ ఉంది. ఒక పెద్ద ఊరికి నీళ్ళు లేకుండా పోతాయి. ఉన్న నీళ్ళన్నీ ఒక కంపెనీ చేతిలో ఉంటాయి. మనం ఆ కంపెనీలో కొత్తగా చేరిన కాపలావాడిమి. ఎవరితో ఎలా మాట్లాడామో, ఎవర్ని వదిలేశామో, ఎవర్ని చంపామో అన్నిటినీ బట్టి తరవాతి కథ మారుతుంది. ఒక్కో పని పూర్తయితే పాయింట్లొస్తాయి. వాటిని గురి మీద పెట్టుకోవచ్చు, బలం మీద, తాళాలు తియ్యడం మీద, మాట నేర్పు మీద, వినికిడి మీద పెట్టుకోవచ్చు. దేని మీద పెడితే మనం అలాంటి మనిషిమవుతాం.

"అంటే ఒక్కణ్ణీ చంపకుండా కూడా వెళ్ళచ్చన్నమాట."

"చాలా దూరం వెళ్ళచ్చండి. కష్టం, కానీ వెళ్ళచ్చు."

మర్నాడు ఫొటో తీసుకోవడానికి వచ్చి, కొంచెం మొహమాటంగా, "ఏవమ్మా, నేను ఆడితే ఏమైనా పాడైపోతుందా?" అని అడిగారు.

అలా మొదలైంది. రోజూ పదకొండుకి సైకిల్ కింద పెట్టి, చొక్కా గుండీలు సర్దుకుని, కిటికీ పక్క నాలుగో నంబరు సిస్టమ్ దగ్గర కూర్చునేవారు. ఒంటిగంటకి లేచేవారు. మొదటి వారం గోడలకి గుద్దుకుంటూ తిరిగారు. ఎడమచేత్తో కీబోర్డు, కుడిచేత్తో మౌసు ఒకేసారి నడపడం ఆ వయసులో తేలిక కాదు. కానీ ఆయనకి ఓపిక ఎక్కువ. ఒక కాపలావాడు ఎటు నడుస్తాడో, ఎక్కడ ఆగి దగ్గుతాడో, ఎన్ని అడుగులకి వెనక్కి తిరుగుతాడో పావుగంట చూసేవారు. తరవాత వాడి వెనక నుంచి చప్పుడు లేకుండా వెళ్ళిపోయేవారు. మొదట్లోనే తుపాకీ కింద పడేశారు. వచ్చిన పాయింట్లని ఆయన మార్కులనేవారు. అన్నీ తాళాల మీదా, మాట నేర్పు మీదా పెట్టేవారు.

"గురి మీద కూడా ఒకటో రెండో పెట్టండి బాబాయిగారూ. ముందుకెళ్ళాక ఇబ్బంది పడతారు" అన్నాను ఒకరోజు.

"గురి ఉందిలేమ్మా" అన్నారు, స్క్రీను మీంచి కళ్ళు తిప్పకుండా.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

మే రెండో వారానికి ఆయన నీళ్ళ గోదాము గేటు దగ్గరకి చేరారు. ఆట మొత్తంలో అది పెద్ద ఘట్టం. గేటు లోపల మనం, ఇంకో ఐదుగురు కాపలావాళ్ళు. అక్కడ మళ్ళీ మన చేతికి తుపాకీ ఇస్తారు, వద్దంటే కుదరదు. గేటు బయట జనం. బిందెలు, డబ్బాలు పట్టుకుని ముందుకొస్తుంటారు. చెవిలో రేడియో గరగరలాడుతుంటుంది. నిమిషం తరవాత అందులోంచి ఆర్డరొస్తుంది, కాల్చమని. నేను రెండుసార్లు ఆట పూర్తిచేశాను. రెండుసార్లూ కాల్చే వెళ్ళాను. అక్కడ ఆగి ఆలోచించాలని నాకు తట్టనే లేదు. కాల్చకుండా దాటే దారి ఒకటుందని ఇంటర్‌నెట్‌లో ఎవరో రాస్తే చదివాను కానీ, అదేమిటో వెతకలేదు.

ఆ సంగతి చెప్తే ఆయన తలూపారు. ఆ తరవాత పది రోజులు ఆ గేటు దగ్గరే ఉన్నారు. దారి వెతుక్కుంటున్నారనుకున్నాను. మధ్యమధ్యలో తుపాకీ చప్పుడు వినబడేది, వెంటనే ఆగిపోయేది, మళ్ళీ మొదట్నుంచి జనం అరుపులు మొదలయ్యేవి. ఆయన చొక్కా వీపంతా తడిసిపోయేది. ఫ్యాన్ తిప్పి ఆయన వైపే పెట్టినా తడిసేది.

ఆ వేసవిలోనే కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టెయ్యడం మొదలైంది. సరస్సు హద్దుగా పెట్టిన ఐదో కాంటూరు లోపల ఉన్న చెరువులన్నీ తీసెయ్యాలని కోర్టు చెప్పిందన్నారు. ఒక్కో లంకకీ మట్టి తవ్వే ప్రొక్లెయినర్లు వెళ్తున్నాయి, వాటితో పోలీసులు వెళ్తున్నారు. మా పెద్దమ్మ హన్నమ్మది ఒక లంక ఊరే. పెదనాన్న పోయాక సొసైటీ చెరువులో ఉన్న వాటా మీదే ఆవిడ బతుకుతోంది. ఫోన్ చేసి, "మా ఊరికి శనివారం వస్తారటే కెజియా. ఆడవాళ్ళమంతా గట్టు మీద కూర్చుంటాం. ప్రార్థన చెయ్యి" అంది.

ఆ మాట జగ్గారావు గారితో అన్నాను. ఆయన చెయ్యి మౌసు మీద ఆగిపోయింది.

"ఏ ఊరు?"

చెప్పాను.

"మావాడికి అక్కడే బందోబస్తు" అన్నారు. "శనివారమే."

స్క్రీను మీద జనం గేటు ఊపుతున్నారు. ఆయన నా వైపు తిరిగి, "నువ్వొకసారి ఇలా వచ్చి నా వెనక నిలబడమ్మా. నా వేలు చూడు. స్క్రీను చూడకు" అన్నారు.

వెళ్ళి నిలబడ్డాను. ఆయన ఆట మళ్ళీ మొదలుపెట్టారు. జనం అరుపులు, రేడియో గరగర. ఆయన చూపుడువేలు మౌసు మీద తేలిగ్గా ఆనుకుని ఉంది. గేటు కిర్రుమంది. వేలు నొక్కేసింది. తుపాకీ పేలింది. ఆ తరవాత రేడియోలో ఆర్డరొచ్చింది.

"చూశావా?"

"ఏంటండీ?"

"ఏది ముందు?"

నాకు అర్థమైంది. ఆయన దారి వెతకడం లేదు. పది రోజులుగా ఆయన చేస్తున్నది ఒక్కటే, నొక్కకుండా ఉండడానికి చూడడం. ప్రతిసారీ ఆ వేలు ఆయన కంటే ముందు వెళ్ళిపోతోంది.

అప్పుడు చెప్పారు. ఇరవై ఏళ్ళు దాటిందట. వేరే జిల్లా, ఊరి పేరు చెప్పలేదు. తుపాను వెళ్ళిన వారానికి ఒక బియ్యం గోడౌను దగ్గర డ్యూటీ పడింది. ఆరుగురు. గేటు బయట జనం.

"ముందు గాల్లోకి అన్నారు. కాల్చాం. జనం కొంచెం వెనక్కెళ్ళి మళ్ళీ వచ్చారు. గేటు కిర్రుమంది. ఇంకో ఆర్డరొచ్చింది. మావాళ్ళు నేలకేసి కాల్చారు. నాకు గురి బాగుండేదమ్మా, పోటీల్లో కప్పు కూడా వచ్చింది. చీర చెంగు తలమీద వేసుకుని ఒకావిడ ముందుంది. ఆవిడకే తగిలింది."

"ఆవిడ…?"

"పోయింది. పేరు తెలీదు. కనుక్కోవచ్చు, కాయితాల్లో ఉంటుంది. నేను కనుక్కోలేదు." చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. "ఎంక్వైరీలో ఆర్డరు ప్రకారమే కాల్చానని రాశారు. నేనూ అదే చెప్పాను. అబద్ధం చెప్పాలని చెప్పలేదు, అలాగే జరిగిందనుకున్నాను. లక్ష్మీకాంతానికీ అదే చెప్పాను. ఇన్నేళ్ళూ అదే పట్టుకుని నిద్రపోయాను. ఈ గేటు దగ్గర కూర్చున్నాక తెలిసింది, ఆ గేటు చప్పుడుకే నొక్కేశాను. ఆర్డరు తరవాతొచ్చింది."

ఓదార్చడానికి ఏదో అనబోయాను. ఇది ఆట కదండీ, దాన్నిబట్టి ఎలా చెప్తారండీ అన్నట్టు. ఆయన విన్నారో లేదో తెలీదు.

"ఫణీంద్రకి చెప్పారా?"

"వాడు వినడు. మూడు రోజులుగా లంకల్లోనే ఉన్నాడు, ఫోన్లో చెప్పే మాట కాదు." మౌసు పక్కకి నెట్టి, "శనివారం నువ్వు మీ పెద్దమ్మ దగ్గరకి వెళ్తావా?" అని అడిగారు.

శనివారం పొద్దున్నే స్కూటీ మీద ఇద్దరం బయల్దేరాం. వరిచేలు అయిపోయి చెరువులు మొదలయ్యాక గాలి మారింది, బురద వాసన, చేపల మేత వాసన. ఎనిమిదిన్నరకే ఎండ కళ్ళలో గుచ్చుతోంది. ఊరి బయట గట్టు మీద రెండు ప్రొక్లెయినర్లు ఆపి ఉన్నాయి. వాటి ముందు తాడు కట్టి పోలీసులు వరసగా నిలబడ్డారు. తాడుకి ఇవతల ఆడవాళ్ళు ఓ వందమంది కూర్చున్నారు. మగవాళ్ళు వాళ్ళ వెనక గుంపులుగా ఉన్నారు. ఎవరూ అరవడం లేదు. అరుస్తుంటే బాగుండుననిపించింది నాకు.

మా పెద్దమ్మ రెండో వరసలో ఉంది. ఎండకి చీర చెంగు తలమీద వేసుకుంది. జగ్గారావు గారు ఆవిణ్ణి చూసి ఆగిపోయారు. ఆగి, తలొంచుకుని, గట్టు వారగా నడిచి పోలీసుల వైపు వెళ్ళారు. నేను వెనకే వెళ్ళాను. ఒక పెద్దాయన వస్తున్నాడని ఎవరూ అడ్డుపెట్టలేదు.

ఫణీంద్ర వరసలో చివర నుంచి మూడోవాడు. ఇరవై ఆరేళ్ళుంటాయి. సన్నగా, తండ్రిలాగే నిటారుగా ఉన్నాడు. చేతిలో రైఫిలు. తండ్రిని చూడగానే మొహం మాడిపోయింది.

"నాన్నగారూ, ఇక్కడికెందుకొచ్చారండీ? మావాళ్ళు చూస్తే నవ్వుతారు."

"ఒక్క మాట చెప్పి వెళ్ళిపోతాను. వేలు బయట పెట్టుకో. ట్రిగ్గర్ మీద కాదు, దాని చుట్టూ ఉన్న కమ్మీ బయట. ఏం జరిగినా బయటే పెట్టుకో."

"మాకు ట్రైనింగులో చెప్పారండీ."

"నాకూ చెప్పార్రా."

"మీరు ముందు నీడలోకి వెళ్ళండి. కళ్ళు తిరిగి పడిపోతారు."

"నేను అప్పట్లో గోడౌను దగ్గర…"

"తెలుసండీ. అమ్మ చెప్పింది. ఆర్డరిస్తే కాల్చారు. మీ తప్పేముంది అందులో?" ఫణీంద్ర గొంతు తగ్గించి, బతిమాలుతున్నట్టు అన్నాడు. "వెళ్ళండి నాన్నగారూ. సారు ఇటే చూస్తున్నారు."

జగ్గారావు గారు తల అడ్డంగా ఊపారు. అంతలో ప్రొక్లెయినర్ ఇంజను స్టార్టయింది. ఆ చప్పుడుకి ఆడవాళ్ళంతా ఒక్కసారే లేచారు. తాడు ముందుకి వంగింది. వెనకనుంచి ఒక మట్టిబెడ్డ వచ్చి వరసలో ఒకతని హెల్మెట్‌కి తగిలింది. రైఫిళ్ళు లేచాయి.

నేను పెద్దమ్మ కోసం చూడాల్సింది. కానీ చూడలేదు. ఫణీంద్ర చెయ్యి చూశాను. పక్కవాడి మోచెయ్యి అడ్డమొచ్చింది, వేలు ఎక్కడుందో కనబడలేదు. జగ్గారావు గారు నా పక్కనే ఉన్నారు. ఆయన కూడా అటే చూస్తున్నారు. ఆయన కుడిచెయ్యి పక్కన వేలాడుతూ ఉంది. చూపుడువేలు దానంతటదే వంగుతోంది, తెరుచుకుంటోంది.

విజిల్ వినబడింది. వాళ్ళ ఆఫీసరు వరసని పది అడుగులు వెనక్కి రమ్మన్నాడు. ఇంజను ఆపించాడు. తరవాత ఊరి పెద్దలు నలుగురు, రెవెన్యూవాళ్ళు కలిసి చింతచెట్టు కింద గంటన్నర మాట్లాడుకున్నారు. పదకొండున్నరకి ఆడవాళ్ళే లేచి తప్పుకున్నారు. గట్టు తెగడానికి పావుగంట పట్టలేదు. నీళ్ళు ఎర్రగా, చప్పుడు చేస్తూ పోయాయి. బురదలో చేపలు కొట్టుకుంటుంటే పిల్లలు దిగి పడుతున్నారు. ఎవరూ వాళ్ళని ఆపలేదు.

పెద్దమ్మ ఏడవలేదు. ఇంటికి తీసుకెళ్ళి మజ్జిగ కలిపి, జగ్గారావు గారికి గ్లాసు అందించింది. "ఎవరో పెద్దాయన, ఎండలో నిలబడిపోయారు. తాగండి బాబూ" అంది. ఆయన తీసుకున్నారు గానీ తాగలేదు. "నన్ను బాబూ అనకండమ్మా" అన్నారు. ఆవిడకి అర్థం కాక నా వంక చూసింది.

ఆ తరవాత నాలుగు రోజులు ఆయన రాలేదు. ఐదోరోజు పదకొండున్నరకి వచ్చి, నాలుగో నంబరు దగ్గర కూర్చుని, ఆట పెట్టారు. గేటు దగ్గర ఆపిన చోటి నుంచే. ఒక్కసారి కూడా ఆడకుండా కదలని బొమ్మని చూస్తూ కూర్చున్నారు.

పన్నెండింటికి ఫణీంద్ర వచ్చాడు. యూనిఫామ్‌లో లేడు. బైకు తాళం వేలికి తిప్పుకుంటూ, "రోజూ ఎక్కడికెళ్తున్నారో అనుకున్నానండీ. ఇక్కడికా?" అని నవ్వాడు. నాతో మర్యాదగా, "నాన్నగారు మిమ్మల్ని ఇబ్బంది పెట్టట్లేదు కదండీ?" అన్నాడు. మంచి కుర్రాడే. ఆ మాట ఇప్పటికీ అంటాను.

తండ్రి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని స్క్రీను చూశాడు. "ఇక్కడ ఆగిపోయారా? ఎన్ని రోజుల్నుంచి?"

జగ్గారావు గారు స్క్రీను వంకే చూస్తున్నారు.

"ఇలా ఇవ్వండి, నేను దాటించేస్తాను."

మౌసు అందుకున్నాడు. తండ్రి చెయ్యి అడ్డం పెట్టలేదు, పక్కకి తీసుకున్నారంతే. నేను కౌంటర్ దగ్గర నుంచి లేచి వెళ్ళాను. జనం బిందెలతో ముందుకొస్తున్నారు. రేడియో గరగరలాడుతోంది. గేటు కిర్రుమంది. ఫణీంద్ర కాల్చాడు. ఒకటి కాదు, ఆగకుండా. ముందు వరస పడింది, రెండో వరస పడింది, మిగిలినవాళ్ళు పరిగెత్తారు. బిందె ఒకటి దొర్లుకుంటూ వచ్చి గేటుకి తగిలి ఆగింది. అప్పుడొచ్చింది రేడియోలో ఆర్డరు.

"అయిపోయిందండీ" అన్నాడు. గేటు పక్కనుంచి బయటికెళ్ళి, అలవాటుగా సేవ్ నొక్కాడు. తండ్రి ఆపుకున్న చోటు మీదే సేవ్ అయింది. పాతది పోయింది.

"ఆర్డరొచ్చిందా?" అని అడిగారు జగ్గారావు గారు.

"ఆఁ?"

"నువ్వు కాల్చినప్పుడు ఆర్డరొచ్చిందా అని."

ఫణీంద్ర ఒక్క క్షణం ఆలోచించాడు. నిజంగా గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు, అది నేను చూశాను. "వచ్చే ఉంటుందండీ. రాకపోయినా వస్తుంది కదా. అక్కడ వేరే ఏం చేస్తారు?" అన్నాడు. వాచీ చూసుకుని లేచాడు. "పదండి, భోజనం చేసి పడుకుందురుగాని. నాకు రేపట్నుంచి మళ్ళీ లంకల్లోనే. ఈసారి నాలుగు రోజులు."

జగ్గారావు గారు నెమ్మదిగా లేచారు. మెట్లు దిగుతుంటే కొడుకు చెయ్యి పట్టుకున్నాడు, జాగ్రత్తగా, ఒక్కో మెట్టూ దింపాడు.

ఆయన మళ్ళీ ఆట ఆడలేదు. నేను ఆ సిస్టమ్‌లోంచి దాన్ని తీసేశాను. కానీ మర్నాడు పదకొండుకి ఆయన వచ్చారు. తలుపు పక్క స్టూలు మీద కూర్చుని, పేపరు ఉందా అని అడిగారు. జిల్లా పేజీలు తీసి, కొల్లేరు వార్తలు పైనుంచి కిందికి, వేలు పెట్టి చదివారు. చదివి మడిచి ఇచ్చేశారు.

"ఇవాళ ఏం లేదమ్మా."

ఆ తరవాతి రోజు కూడా అంతే. ఆ తరవాతి రోజు కూడా. ఆయన వచ్చేసరికి నేనే ముందు చదివేసి ఉండేదాన్ని. చదివినట్టు చెప్పేదాన్ని కాదు. ఆయన వేలు వరస వెంట వరస కిందికి దిగుతుంటే, నేను పని ఆపి, ఆ వేలు పేజీ చివరికి చేరేదాకా చూస్తూ ఉండేదాన్ని.